బ్యాటరీ దీర్ఘాయుష్షు పథకం

పౌర అభ్యర్థనల కార్యాలయంలో ల్యాప్‌టాప్ బ్యాటరీల ఆయుష్షు పెంచే నిమిత్తం గత సంవత్సరం తీసుకున్న చర్యలు సంపూర్ణంగా విజయవంతమయ్యాయని ఇందుమూలంగా తెలియజేయడమైనది. ప్రస్తుతం ఆ కార్యాలయంలోని ల్యాప్‌టాప్‌లన్నీ నిక్షేపంగా ఉన్నాయి. ఉద్యోగులు, అర్జీదారులు ఎలా ఉన్నారన్న విషయమై పైనుంచి ఎవరూ నివేదిక అడగలేదు కనుక ఆ వివరాలు ఎవరి దగ్గరా లేవు.

ఈ మహత్కార్యానికి మూలం ఒక ఫారం. పై కార్యాలయం నుంచి వచ్చిన ఆ ఫారంలో ఆరు గడులు సులువుగానే నిండాయి. ఏడో గడి దగ్గర సూపరింటెండెంట్ గారి కలం ఆగిపోయింది. అందులో "కార్యాలయ పనితీరు, శాతంలో" అని ఉంది. పనిని శాతంలో చెప్పమని ఆయన ముప్ఫై ఏళ్ళ సర్వీసులో ఎవరూ అడగలేదు. అడగాలన్న ఆలోచన ఎవరికీ రాకుండా ఆయన కూడా జాగ్రత్తగానే మసలుకున్నారు. మూడు రోజులు ఆ గడినే చూస్తూ కూర్చుని, నాలుగో రోజు ఆఫీసులో ఎక్కడైనా ఏదైనా శాతం దొరుకుతుందేమోనని బల్లల మధ్య తిరగడం మొదలుపెట్టారు. అసిస్టెంటమ్మ భుజం మీదుగా తొంగి చూసినప్పుడు ఆమె ల్యాప్‌టాప్ మూలన తొంభై ఏడు శాతం అన్న అంకె ఆయన కంటపడింది. పోయిన ప్రాణం లేచివచ్చినట్టయింది.

అసిస్టెంటమ్మ అంటే ఆ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్. రెండేళ్ళ ప్రొబేషన్‌లో ఉంది, ఇంకో మూడు నెలలు గడిస్తే ఉద్యోగం ఖాయమవుతుంది. భర్త పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సు మూతపడి ఎనిమిది నెలలైంది. ఆయన, అత్తగారు, స్కూలుకెళ్ళే కూతురు, అందరూ ఆ ఖాయమయ్యే కాగితం కోసం కళ్ళలో వత్తులు వేసుకుని చూస్తున్నారు. ఆమెకున్న లోపమల్లా ఒక్కటే, అర్జీ ఇస్తే చదివేది. చదివి ఊరుకోకుండా జవాబు కూడా రాసేది. ఈ సంగతి బయటికి పొక్కడంతో అర్జీదారులందరూ ఆమె బల్ల దగ్గరికే చేరేవారు. మిగతా బల్లల వాళ్ళు ఇందుకు ఏమీ అనుకునేవారు కాదు.

తొంభై ఏడు అని ఫారంలో రాసి పంపితే కథ అక్కడితో ముగిసేది. సాయంత్రం అదే అంకె పన్నెండుకు పడిపోవడంతో సూపరింటెండెంట్ గారి గుండె జారిపోయింది. ఒకే రోజులో పనితీరు ఇంతగా దిగజారితే పైవాళ్ళు ఊరుకుంటారా? వెంటనే మెకానిక్‌ని పిలిపించారు.

"అది చార్జింగు సార్. పెడితే పెరుగుద్ది, వాడితే తగ్గుద్ది. దానికేం గానీ, ఇంకో శాతం ఉంది. బ్యాటరీ ఆరోగ్యం అంటారు. కొత్తప్పుడు నూరు ఉంటది. వాడేకొద్దీ మెల్లగా తరుగుతూ పోద్ది. ఒకసారి తగ్గాక ఇక పెరగదు" అన్నాడు మెకానిక్.

ఆ శాతం నిలకడ సూపరింటెండెంట్ గారికి బాగా నచ్చింది. ఆఫీసులో ఉన్న పదకొండు ల్యాప్‌టాప్‌లకీ లెక్క తీయించారు. డైరెక్టర్ గారిది నూటికి నూరు. మూడేళ్ళుగా వారి ల్యాప్‌టాప్ అట్టపెట్టెలో సీలు ఊడకుండా భద్రంగా ఉంది. సూపరింటెండెంట్ గారిది తొంభై ఎనిమిది. మిగతావారివి తొంభైకి అటూ ఇటూ. అందరికంటే అడుగున ఎనభై నాలుగు శాతంతో అసిస్టెంటమ్మ నిలిచింది. ఆ ఆఫీసులో అందరికంటే పనికిమాలిన ఉద్యోగి ఎవరో ఈ విధంగా మొట్టమొదటిసారి శాస్త్రీయంగా తేలింది.

పై కార్యాలయం ఈ కొలమానాన్ని ఎంతగానో మెచ్చుకుంది. మెచ్చుకుంటూనే ఒక ఉత్తర్వు జతచేసింది. మూడు నెలల తర్వాత తనిఖీ జరుగును. ఎనభై శాతానికి తగ్గిన ఉద్యోగి అసమర్థుడిగా పరిగణింపబడును. సదరు ఉద్యోగి ప్రొబేషన్‌లో ఉన్నచో ఖాయం చేయబడడు.

అసిస్టెంటమ్మ ఆ ఉత్తర్వు రెండుసార్లు చదివింది. "ఉన్నచో" అన్న మాట ఆ ఆఫీసు మొత్తంలో తన ఒక్కదానికే తగులుతుందని గ్రహించింది.

మెకానిక్ మాత్రం ఉండబట్టలేక, "దీనికింత హడావుడి ఎందుకు సార్? చీపురు లాంటిదే ఇది కూడా. వాడితే అరుగుద్ది, అరిగాక కొత్తది వేస్తాం. బ్యాటరీ మార్చడం పది నిమిషాల పని" అన్నాడు. చీపురుతో పోల్చినందుకు అతనికి సంజాయిషీ నోటీసు ఇచ్చారు. తర్వాత అతను ఆ గడప తొక్కలేదు.

ఇక పథకం అమలు గురించి. వెలుతురు ఎక్కువైతే బ్యాటరీ తొందరగా ఖర్చవుతుందని ఎవరో ఎక్కడో చదివారు. కాబట్టి అందరూ స్క్రీను వెలుతురు అయిదో వంతుకు తగ్గించాలని సర్క్యులర్ వచ్చింది. తగ్గించాక అక్షరాలు కనిపించలేదు. చీకట్లో అయితే కనిపిస్తాయని కిటికీలకు నల్ల తెరలు కట్టించి, గదిలో దీపాలన్నీ ఆర్పించారు. మిట్టమధ్యాహ్నం అర్జీదారులు లోపలికొచ్చి గోడలు తడుముకుంటూ, తమ ఫోన్ల లైట్లు వేసుకుని ఏ బల్ల ఎక్కడుందో వెతుక్కునేవారు. వారి ఫోన్లలో బ్యాటరీ ఖర్చవడం ఈ పథకం పరిధిలోకి రాదని ఒక వివరణ కూడా జారీ అయింది.

వేడి తగిలితే బ్యాటరీ పాడవుతుందని తెలిశాక ఫ్యానులన్నీ మనుషుల మీద నుంచి ల్యాప్‌టాప్‌ల వైపు తిప్పారు. అదీ చాలదనిపించి, ఏసీ ఉన్నది డైరెక్టర్ గారి గదిలోనే కనుక పదకొండింటినీ అక్కడి ఇనుప బీరువాలోకి చేర్చారు. ల్యాప్‌టాప్ కావలసిన ఉద్యోగి కారణం రాసి సంతకం పెట్టి తీసుకోవాలి. ఇంతకీ చల్లటి వాతావరణంలో బ్యాటరీలు ఎలా ప్రవర్తిస్తాయో స్వయంగా చూడడం మంచిదని ఒక అధ్యయన సంఘం ఏర్పడి, కుటుంబాలతో సహా కొండల మీదికి వెళ్ళి తొమ్మిది రోజులు అధ్యయనం చేసి వచ్చింది. తొందరలో ల్యాప్‌టాప్ తీసుకెళ్ళడం మర్చిపోయారు. అయినా చలి బాగుందని నివేదికలో ఏకగ్రీవంగా పేర్కొన్నారు.

చార్జింగు ఇరవై శాతానికి తగ్గకూడదు, ఎనభై దాటకూడదు. ఇందుకోసం అటెండరుని స్విచ్చు పక్కన స్టూలు వేసి కూర్చోబెట్టారు. ఆయన బీడీకి లేచిన ఒకానొక రోజు ఒక ల్యాప్‌టాప్ ఎనభై మూడు దాకా పోయింది. దాని మీద విచారణ ఇప్పటికీ నడుస్తోంది. పొడవైన జవాబులు టైపు చేస్తే బ్యాటరీ అలిసిపోతుంది కాబట్టి ఏ అర్జీకైనా "పరిశీలించబడును" అన్న ఒక్క మాటతో సరిపెట్టాలని నిర్ణయమైంది. కొన్నాళ్ళకు ఆ మాట కూడా ఎందుకని రబ్బరు స్టాంపు చేయించారు. స్టాంపుకి బ్యాటరీ అక్కర్లేదు. ఆ రోజున సూపరింటెండెంట్ గారి కళ్ళు చెమర్చాయని చూసినవారు చెబుతారు, చీకట్లో ఎలా చూశారో తెలియదు.

ఈ సంస్కరణలు జోరుగా సాగుతున్న కాలంలోనే టైలరమ్మ అర్జీ అసిస్టెంటమ్మ దగ్గరికొచ్చింది. టైలరమ్మది ఒక ఇరుకు సందు. ఇంటి ముందు గదిలోనే కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. వాకిట్లో మురుగు కాలువ మీద రాతి పలక విరిగి సగం లోపలికి పోయింది. అది దాటకుండా ఇంట్లోంచి ఎవరూ బయటికి రాలేరు. "మా నాన్న రోజూ గోడ పట్టుకుని దాటుతున్నాడమ్మా. చూపు సరిగ్గా ఆనదు. ఏదో ఒక రోజు పడతాడు" అంది టైలరమ్మ.

అసిస్టెంటమ్మ పాత అలవాటు కొద్దీ స్వయంగా వెళ్ళి చూసింది. ఫొటోలు తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టుకుంది. నిర్మాణ విభాగానికి ఒక పేజీ సిఫారసు ఉత్తరం వెళ్తే వాళ్ళు కొత్త పలక వేస్తారు. ఫొటోలు అతికించి, నిర్ణీత నమూనాలో టైపు చేసి పంపాలి. చేత్తో రాసిన ఉత్తరాలను ఆ విభాగం వెనక్కి పంపేస్తుంది, ల్యాప్‌టాప్‌లు ఇచ్చాక చేత్తో రాయడమేమిటని. ఉన్నది గంటన్నర పని. మొదటి గంట పని అయ్యేసరికి నెలాఖరు లెక్క వచ్చింది. ఆమె బ్యాటరీ ఆరోగ్యం ఎనభై.

ఎనభై నాలుగు నుంచి ఎనభై రెండుకి, అక్కణ్ణుంచి ఎనభై ఒకటికి దిగినప్పుడు ఆమె కంగారు పడింది గానీ, పని ఆపలేదు. ఎనభై అలా కాదు. దాని కింద ఇంకో మెట్టు లేదు. ల్యాప్‌టాప్ టక్కున మూసి బీరువాలో పెట్టేసింది. సూపరింటెండెంట్ గారి దగ్గరికి వెళ్ళి, "సార్, ఒక్క అరగంట మీ ల్యాప్‌టాప్ ఇస్తే ఉత్తరం పూర్తి చేసి ఇచ్చేస్తాను" అని అడిగింది.

ఆయన నిజంగానే నొచ్చుకున్నారు. "చూడమ్మా, నాకు నువ్వు కూతురు లాంటిదానివి. అందుకే చెబుతున్నా. ఎవరి పని వాళ్ళ బ్యాటరీతోనే చేసుకోవాలి. నాకింకా రెండేళ్ళు సర్వీసుంది. తొంభై ఎనిమిదితో దిగిపోవాలని ఆశ."

కూతురు లాంటిది కనుక ఆమె ఆయనకు నమస్కారం పెట్టి బయటికి వచ్చింది.

ఇంటికి వెళ్ళి భర్తతో చెబితే ఆయన అన్నం కలుపుతూనే, "తనిఖీకి ఇంకా ఎన్ని రోజులుంది?" అన్నాడు.

"పన్నెండు."

"పన్నెండు రోజులేగా. ఆ పలక విరిగి ఎన్నాళ్ళయిందో. ఇంకో పన్నెండు రోజులు ఆగలేదా?"

అత్తగారు కూడా అదే మాట అంది. చిన్న కూతురు మాత్రం, "పడిపోతే?" అంది. దాన్ని తినమని కసురుకున్నారు.

మర్నాడు టైలరమ్మ వచ్చినప్పుడు, "తనిఖీ అయిపోనివ్వక్కా, ఆ మర్నాడే పంపించేస్తాను. సగం పైన అయిపోయింది" అంది అసిస్టెంటమ్మ. టైలరమ్మ సరేనంది. రెండు రోజులకోసారి వచ్చి బల్ల దగ్గర నిలబడి, ఏమీ అడగకుండా వెళ్ళిపోయేది. కాళ్ళరిగేలా తిరగడమన్నది ఆ ఆఫీసులో మొదటినుంచీ ఉన్న పద్ధతే. కాళ్ళ ఆరోగ్యం ఎంత శాతం మిగిలిందో కొలిచే ఏర్పాటు ఇంకా రాలేదు.

తనిఖీకి నాలుగు రోజులుందనగా టైలరమ్మ పొద్దున్నే వచ్చింది. చీకటి గదిలో ఆమె మొహం సరిగ్గా కనిపించలేదు, మాట మాత్రమే వినిపించింది.

"నిన్న పడ్డాడమ్మా. తుంటి విరిగిందన్నారు. ఇక నడవడంట."

గొడవ చేయలేదు. ఏడవలేదు కూడా. ఉత్తరం ఎంతవరకు వచ్చిందని అడిగింది, అంతే.

అసిస్టెంటమ్మ లేచి డైరెక్టర్ గారి గదిలోకి వెళ్ళి, రిజిస్టరులో సంతకం పెట్టి, బీరువా తెరిచి ల్యాప్‌టాప్ చేతిలోకి తీసుకుంది. ఏసీలో ఉండి ఉండి అది చేతికి చల్లగా తగిలింది. ఉన్నది అరగంట పని. ఆ అరగంటలో ఎనభై కాస్తా డెబ్భై తొమ్మిది అవుతుందో కాదో ఎవరూ చెప్పలేరు, అయితే మాత్రం ఏం జరుగుతుందో ఉత్తర్వులో స్పష్టంగా ఉంది. ఆమెకు కూతురి ఫీజు, మూతపడిన ప్రెస్సు, రెండేళ్ళుగా అందరికంటే ముందొచ్చి అందరికంటే వెనక వెళ్ళిన రోజులు గుర్తొచ్చాయి. గోడ పట్టుకుని నడిచే ముసలాయన కూడా గుర్తొచ్చాడు. పడాల్సింది ఎలాగూ పడ్డాడు కదా, నాలుగు రోజుల్లో కొత్తగా ఏం మునిగిపోతుంది అన్న ఆలోచన ఎక్కణ్ణుంచి వచ్చిందో గానీ వచ్చింది. తన మీద తనకే అసహ్యం వేసింది. అసహ్యపడుతూనే ల్యాప్‌టాప్ లోపల పెట్టి బీరువా తాళం వేసింది. తీసుకున్న కారణం అన్న గడిలో "చూచుటకు" అని రాసింది.

తనిఖీ దివ్యంగా జరిగింది. పై కార్యాలయం వారు వచ్చి పదకొండు అంకెలు చూసి, పదకొండు టిక్కులు పెట్టి, వెలుతురు లేకపోవడం వల్ల ఇంకేమీ చూడకుండా భోజనానికి వెళ్ళారు. అసిస్టెంటమ్మ బ్యాటరీ సరిగ్గా ఎనభై దగ్గర నిలబడింది. సాయంత్రం సభ జరిగింది. డైరెక్టర్ గారు మాట్లాడారు.

"సోదర సోదరీమణులారా, నూరు శాతం నిలబెట్టుకోవడం గొప్ప కాదు. నేను మూడేళ్ళుగా నిలబెడుతున్నాను, నాకేమీ కష్టమనిపించలేదు. దిగజారుతున్న దశలో ఆగిపోవడం, అదీ గొప్ప. ఈ అమ్మాయి ఒకప్పుడు ఎలా ఉండేదో మీకు తెలుసు. ఎవరొచ్చినా కాగితం తీసుకునేది. ఏది పడితే అది చదివేది. యవ్వనంలో అందరం తప్పులు చేస్తాం. కానీ ఈమె తనను తాను సంస్కరించుకుంది. గత పన్నెండు రోజులుగా ఒక్క అక్షరం కూడా టైపు చేయలేదని రిజిస్టరు సాక్ష్యం చెబుతోంది. ఒక్కసారి మాత్రం బీరువా తెరిచింది. ఎందుకు? చూచుటకు. తల్లి బిడ్డను చూసుకున్నట్టు ఒక్కసారి చూసి పెట్టేసింది. ఇలాంటి ఉద్యోగులు పదిమంది ఉంటే ఏ కార్యాలయమైనా చిరకాలం కొత్తగానే ఉంటుంది."

చప్పట్లు మారుమోగాయి. ఉద్యోగం ఖాయమైన కాగితం ఆమె చేతికిచ్చి శాలువా కప్పారు. ఆమె ఏడ్చింది. ఆనందం పట్టలేకపోతోందని అందరూ అనుకున్నారు, అది పూర్తిగా అబద్ధం కూడా కాదు.

అన్నమాట ప్రకారం మర్నాడు పొద్దున్నే ఉత్తరం పూర్తి చేయాలని వెళ్తే బీరువాలో ఆమె ల్యాప్‌టాప్ లేదు. ఇతర ఉద్యోగులకు ఆదర్శంగా ఉండేందుకు దాన్ని స్వాగత గదిలో అద్దాల పెట్టెలో పెట్టి బిగించేశారు. కింద "ఎనభై వద్ద నిలిచిన ధీర" అని పలక కూడా చెక్కించారు. రాతి పలక, చాలా గట్టిది. ఉత్తరం, ఫొటోలు అందులోనే ఉండిపోయాయి. దాని బదులు ఆమెకు కొత్త ల్యాప్‌టాప్ మంజూరైంది. అది పదహారు రోజులకు వచ్చింది. ఈ పదహారు రోజులూ ఆమెకు సరిగ్గా నిద్ర పట్టలేదు. తుంటి విరిగిన మనిషి ఎదురుగా కూర్చుని ఏమీ అడగకుండా చూస్తున్నట్టు ఉండేది.

కొత్తది వచ్చిన మర్నాడు టైలరమ్మ వచ్చింది. ల్యాప్‌టాప్ బల్ల మీదే ఉంది, మెరుస్తున్న ప్లాస్టిక్ కవరులో.

"కొత్తదామ్మా?"

"నిన్ననే ఇచ్చారక్కా. నూరు శాతం." ఈ మాట అంటున్నప్పుడు తన గొంతులో వినిపించిన మురిపెం అసిస్టెంటమ్మకే కొత్తగా అనిపించింది. "మీ ఉత్తరం మొదటినుంచీ మళ్ళీ టైపు చెయ్యాలి. చేస్తాను. కాకపోతే వచ్చిన మొదటి వారంలోనే..." అని ఆగిపోయింది. తల ఎత్తలేకపోయింది. ఇప్పుడు తిడుతుంది, తిట్టాలి, తిడితే బాగుండు అనుకుంది.

టైలరమ్మ తిట్టలేదు. కవరును వేలితో మెల్లగా నిమిరింది.

"నిజమేలే అమ్మా. కొత్త వస్తువు. నాకు తెలీదా? మా నాన్నకి అన్నయ్యవాళ్ళు చక్రాల కుర్చీ తెచ్చారు. ఎంత బాగుందో. ఇంకా కవరు తియ్యలేదు. ఇంట్లో గచ్చు మీద తిప్పితే చక్రాలు అరిగిపోవూ? ఎప్పుడైనా పెద్దాసుపత్రికి తీసుకెళ్ళేటప్పుడు తీద్దామని మంచం పక్కనే పెట్టాను."

"మరి ఆయన?"

"మంచం మీద నుంచి చూసుకుంటూ ఉంటాడు. ఆయనే అన్నాడు, ఇప్పుడే ఎందుకే, పాతబడిపోద్ది అని."

అసిస్టెంటమ్మ గుండెల మీద నుంచి పెద్ద బరువు దిగింది. పదహారు రోజుల్లో మొదటిసారి హాయిగా ఊపిరి తీసుకుంది. ఇందులో నమ్మలేనిది ఏముందో పాఠకులు చెప్పాలి. చెప్పేముందు టీవీ రిమోటుకున్న కవరు, బీరువాలో ఎవరికోసమో దాచిన మంచి కప్పులు ఒకసారి చూసి వస్తే మాకు అభ్యంతరం లేదు.

ఇలాంటి పల్చటి ప్లాస్టిక్ కవరు ఆరు నెలలు కూడా ఆగదని, మందపాటి గుడ్డతో తాను కుట్టి తెస్తానని టైలరమ్మ అంది. అదే గుడ్డలో కుర్చీకి కూడా ఒకటి కుట్టాలని ఎప్పటినుంచో అనుకుంటోందట. జిప్పు పెట్టమంటారా, గుండీలా అని అడిగింది. గుండీలైతే విప్పడానికి చాలాసేపు పడుతుంది కనుక ఇద్దరూ గుండీలే ఖాయం చేసుకున్నారు.